ఆగని ఓడల కోసం ఒక దీపం

(హనుమకొండల ఒక సాయంత్రం విద్యార్థులు, పెద్దల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసిన పాఠం.)

అందరికి నమస్కారం.

మా నాయన దీపాలు ఇచ్చేటోడు. మందమర్రిల బొగ్గు బాయి మీద ల్యాంప్ రూముల పని. బాయిల దిగే కార్మికుడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ కిటికీల నుంచి లోపలికి ఇస్తడు. నాయన దాన్ని గోడకున్న మేకుకు తగిలిచ్చి, అదే నంబరు క్యాప్ ల్యాంపు తీసి చేతికిస్తడు. షిఫ్టు అయినంక మనిషి పైకొచ్చి ల్యాంపు ఇచ్చి బిళ్ళ తీసుకుంటడు. చూసేటోళ్లకు ఇదేం పని అనిపిస్తది. కాని గోడ మీద ఒక్క బిళ్ళ మిగిలిందనుకోండి, ఒక మనిషి ఇంక భూమి కిందనే ఉన్నడన్నట్టు.

నాకు తొమ్మిదేండ్లప్పుడు ఒకసారి నాయన రాత్రంత ఇంటికి రాలేదు. అమ్మ గడప మీదనే కూసున్నది. తెల్లారినంక వచ్చి, కాళ్లు కడుక్కుంట "ఒక బిళ్ళ ఉండిపోయింది" అన్నడు. కాలుకు దెబ్బ తాకిన మనిషిని మెల్లగ మోసుకొని పైకి తెచ్చేసరికి అంత పొద్దయిందట. ఆ మనిషి మాకు చుట్టం కాదు. నాయనకు ఆయన పేరు కూడ సరిగ తెల్వదు, నంబరే తెలుసు. "డ్యూటీ అయిపోయింది గద, వెనుక వచ్చినాయనకు అప్పజెప్పి రావచ్చు గద" అని అమ్మ అన్నది. "బిళ్ళ నేను తగిలిచ్చిన" అన్నడు నాయన. అంతే, ఇంకో మాట లేదు.

లక్షద్వీప్‌ల ఉన్న మినికాయ్ దీవిల దీపస్తంభం పైకెక్కి గాజు గది ముందట నిలబడ్డప్పుడు నాకు మా నాయన ల్యాంప్ రూమే యాదికొచ్చింది. అందుకే దాంతోనే మొదలుపెట్టిన.

ముప్పై ఏండ్లకు పైగ పిల్లలకు ఫిజిక్స్ చెప్పిన నేను. కాంతి పాఠం వచ్చినప్పుడల్ల కటకం బొమ్మ గీసి, నాభి దగ్గర దీపం పెడితె కిరణాలు సమాంతరంగ బయటికి పోతయని చెప్పి, "ఉదాహరణకు దీపస్తంభం" అనేదాన్ని. ఒక్క దీపస్తంభం కూడ చూడకుండ! ఓరుగల్లు నుంచి సముద్రం అంటె రెండు వందల కిలోమీటర్ల పైమాటే. మనకు నీళ్లంటె పాకాల, రామప్ప, లక్నవరం. ఎంత పెద్ద చెరువైనా అవతలి గట్టు కండ్లకు కనపడుతది. గట్టు కనపడని నీళ్ల మీద రాత్రి పూట మనిషి ఎట్ల పోతడన్నది నాకు పుస్తకంల మాటే. రిటైరైనంక ఇగ పోవాలె అనుకున్న. తోడుకు మా అక్కను అడిగిన. అక్కది జగిత్యాల దగ్గర పల్లెటూరు. "దీపం చూడనీకి గంత దూరమా" అని, మల్ల తనే బట్టలు సదురుకున్నది.

మన దేశంల దీపస్తంభాలు చానా ఉన్నయి. మినికాయే ఎందుకంటె, అది నిలబడ్డ చోటు అసువంటిది. లక్షద్వీప్‌ల 36 దీవులు, మనుషులు ఉండేవి 10. అన్నీ కలిపి కొలిస్తె నేల 32 చదరపు కిలోమీటర్లే. మన దగ్గర ఒక మండలం దీనికంటె ఎన్నో రెట్లు పెద్దగుంటది. వాటిల అన్నిటికంటె దక్షిణాన, మిగిలిన దీవులకు దూరంగ, ఒంటిగ ఉన్నది మినికాయ్. 1973 దాక ఆ ప్రాంతం పేరే "లక్కదీవ్, మినికాయ్, అమీన్‌దీవి దీవులు" అని ఉండె. అంటె మినికాయ్‌ని మిగిలిన వాటితో కలిపి ఒక్క పేరుతోటి పిలువలేకపోయిండ్రు. అక్కడోళ్లు తమ దీవిని మలికు అంటరు. మాట్లాడేది మహల్, అది మాల్దీవుల దివెహి భాషకు చెల్లెలు. రాసే లిపి తానా, కుడి నుంచి ఎడమకు పోతది. ఆ లిపిల మొదటి తొమ్మిది అక్షరాలు అరబ్బీ అంకెల నుంచి పుట్టినయి. అంకెలే అక్షరాలైన లిపి అని విన్నప్పుడు లెక్కల మాస్టార్లకు చెప్పాలె అనిపించింది.

పోవుడు అంత తేలిక కాదు. బయటోళ్లకు పర్మిట్ కావాలె, దానికి పోలీస్ క్లియరెన్స్ కావాలె, మాకు ఆ కాయితాలకే నెల పట్టింది. వరంగల్‌ల కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఎర్నాకుళంల దిగినం. కొచ్చి నుంచి ఓడ, సుమారు 400 కిలోమీటర్లు. ఓడ సంగతి ఎక్కువ చెప్ప, మొదటి రాత్రి ఇద్దరం తల ఎత్తలేదు.

ఇప్పుడు మీరు మనసుల ఒక మ్యాప్ గీసుకోండి. మన ఓరుగల్లు దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. పది డిగ్రీలు కిందికి దిగండి, పడమర సముద్రంల. 8 డిగ్రీలు దాటి కొంచెం పైన మినికాయ్. దానికి ఉత్తరాన 9 డిగ్రీల గీత పోతది, దక్షిణాన 8 డిగ్రీల గీత పోతది. ఆ రెండు గీతలు ఓడల దారులు. పేర్లు కూడ అవే, నైన్ డిగ్రీ చానల్, ఎయిట్ డిగ్రీ చానల్. నైన్ డిగ్రీ చానల్ అవతల మిగిలిన లక్షద్వీప్, ఎయిట్ డిగ్రీ చానల్ అవతల మాల్దీవులు.

1869ల సూయజ్ కాలువ తెరిచిండ్రు. అంతకుముందు యూరప్ ఓడలు ఆఫ్రికా చుట్టు తిరిగి వచ్చేటియి. కాలువ తెరిచినంక ఎర్రసముద్రం దాటి ఏడెన్ రేవు, ఏడెన్ నుంచి తిన్నగ కొలంబో. ఆ తిన్నటి గీత మీద, సరిగ్గ దారి పక్కన పడుకొని ఉన్నది ఈ దీవి. "పడుకొని" అని ఎందుకంటున్ననంటె, అది పగడపు దీవి. కొండ లేదు, గుట్ట లేదు. మన హనుమకొండల పద్మాక్షి గుట్ట అంత ఎత్తు అక్కడ ఎక్కడ వెతికినా దొరకదు. నేల నీళ్లకు కొన్ని మీటర్ల ఎత్తుల ఉంటది. దాని మీద కొబ్బరి చెట్లు. పగటి పూట చెట్ల తలలన్న కనపడుతయి. అమాస నాడు, అందుల వానకాలం మబ్బుల, ఏమి కనపడుతది? ఏమీ కనపడది. ఓడ నడిపేటాయన ముందు నీళ్లే ఉన్నయనుకుంటడు. నీళ్ల కింద పగడపు దిబ్బ ఉంటది. అది రాయి కంటె మెత్తగ ఏం ఉండది, ఓడ అడుగును రంపం లెక్క కోస్తది. కాలువ తెరిచినంక ఓడలు పెరిగినయి, ఓడలు పెరిగినకొద్ది ఈ కనపడని నేల అంటె భయం పెరిగింది. అందుకే 1885ల బ్రిటిష్ వాళ్లు అక్కడ దీపం వెలిగిచ్చిండ్రు. స్వాతంత్ర్యం వచ్చినంక కూడ కొన్నేండ్ల దాక దాని నిర్వహణ వాళ్ల చేతులనే ఉండె. ఓడల దారి వాళ్లకు అంత ముఖ్యం.

స్తంభం దీవి నైరుతి కొసన ఉంటది. తెల్లగ, గుండ్రంగ, దాదాపు 47 మీటర్ల ఎత్తు. పదిహేను అంతస్తుల బిల్డింగు అనుకోండి. చుట్టూ కొబ్బరి చెట్లు దాని నడుము దాక కూడ రావు. మెట్లు లెక్కపెడుదామని మొదలుపెట్టిన, ఆయాసంల లెక్క తప్పిన. అక్క మాత్రం మేడారంల జంపన్నవాగు దాక నడిచినట్టు ఆగకుండ నడిచింది. లోపల గోడ పట్టుకుంటె సల్లగున్నది. ఆఖరికి నిటారు ఇనుప నిచ్చెన. దాని మీద నుంచి తల పైకి పెట్టంగనే గాజు గది.

ఇక్కడ కొంచెం ఆగుత. నేను పాఠం చెప్పిన వస్తువు నా ముందట ఉన్నది.

దీపాన్ని ఊరికె వెలిగిస్తె వెలుగు అన్ని దిక్కులకు పోతది. పైకి పోయింది ఆకాశానికి, కిందికి పోయింది ఇసుకకు, ఓడకు అందేది పిడికెడు. ఆ వెలుగంతా కూడగట్టి సముద్రం మీదికి పంపాలంటె కటకం కావాలె. దీపం పెద్దదైతె కటకం మనిషంత ఎత్తు ఉండాలె. అంత పెద్ద గాజు బిళ్ళ పోస్తె నడుమ మందం ఎంత కావాలె? బరువుకు మొయ్యరాదు, మందానికి వెలుగు దాంట్లనే సగం చచ్చిపోతది. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి ఇంజినీరు ఇక్కడ ఒక మాట పట్టుకున్నడు. కటకం చేసే పనంతా దాని పైన ఉన్న వంపు చేస్తది, లోపలి గాజు ఉత్త బరువు. అయితె ఆ బరువు తీసేద్దాం, వంపును మాత్రం వలయాలు వలయాలుగ కోసి పక్కపక్కన పెడుదాం అన్నడు. 1823ల ఫ్రాన్స్‌ల కోర్డువాన్ దీపస్తంభం మీద పెట్టి చూపిచ్చిండు. ప్రపంచమంత అదే పద్ధతి పట్టుకున్నది.

మన శివనగర్ మెట్ల బావి చూసిండ్రా? గట్టు మీద నిలబడి కిందికి చూస్తె మెట్టు వెనుక మెట్టు లోపలికి పోతనే ఉంటది. ఫ్రెనెల్ కటకాన్ని దగ్గర నుంచి చూస్తె నాకు అదే తోచింది. నడుమ కన్ను లాగ ఒక గుండ్రటి కటకం, దాని చుట్టు వలయం, వలయం చుట్టు వలయం. నడుమ వలయాలు కాంతిని వంచుతయి, అది వక్రీభవనం. పైన, కింద ఉన్న పట్టకాలు కాంతిని లోపలనే తిప్పికొట్టి బయటికి పంపుతయి, అది సంపూర్ణాంతర పరావర్తనం. పదో తరగతి నుంచి ఇంటర్ దాక మీరు చదివే పాఠాలు రెండు ఒక్క గాజు పంజరంల కలిసి పనిచేస్తున్నయి. దగ్గర నిలబడి మొఖం చూసుకుంటె నా మొఖం ముప్పై ముక్కలుగ కనపడ్డది, కొన్నిట్ల తలకిందులుగ.

కావలి ఉన్న ఉద్యోగి ఓపికున్న మనిషి. చుట్టు గాజులకు పగటి పూట తెరలు ఎందుకు కడుతరో తెలుసా అని అడిగిండు. దుమ్ము పడకుండ అన్న. తల అడ్డం ఊపిండు. అక్క ఠక్కున "ఎండ లోపలికి రాకుండనా" అన్నది. అదే! లోపలి వెలుగును బయటికి పంపే కటకం, బయటి ఎండను అట్లనే లోపలికి తెచ్చి దీపం ఉన్న చోట కుప్ప పోస్తది. భూతద్దంతోటి కాయితం కాల్చినట్టు దీపం కాలిపోతది. పగలు తెర, రాత్రి దీపం. ముప్పై ఏండ్లు కిరణ చిత్రాలు గీసిన నేను చెప్పలేదు, పొయ్యి కాడ, పొలం కాడ బతికిన మా అక్క చెప్పింది. ఎండ తనకు తెలిసినంత నాకు తెల్వదు.

ఇప్పుడు దీపం కరెంటుది. పాతకాలంల దీపస్తంభాలల్ల నూనె దీపాలు, కిరోసిన్ దీపాలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్ల కిరోసిన్‌ను గాలి వత్తిడితో ఆవిరి చేసి మాంటిల్ అనే సన్నటి వల సంచి మీద మండించే దీపాలు వచ్చినయి. ముందు వరుసల పెద్దమనుషులకు గుర్తున్నదా, కరెంటు లేని కాలంల పెండ్లి ఊరేగింపుల నెత్తి మీద మోసుకపోయేటి పెట్రోమాక్స్ లైటు? అదే సూత్రం. సముద్రం మీద ఓడకు దారి చూపిచ్చింది, మన ఊర్లల్ల పెండ్లికొడుకుకు దారి చూపిచ్చింది ఒక్క జాతి దీపమే. కటకాన్ని తిప్పేటందుకు గడియారం లాంటి యంత్రం. దానికి కట్టిన బరువు స్తంభం నడుమల నుంచి మెల్లగ కిందికి దిగుకుంట కటకాన్ని తిప్పుతది. బరువు కిందికి చేరేలోపల మనిషి మల్ల పైకి చుట్టాలె. రాత్రంత ఇదే పని. నిద్రపోతె దీపం ఆగిపోతది. కొన్ని చోట్ల టన్నుల బరువున్న కటకాలను పాదరసం తొట్టిల తేలించేటోళ్లు, అప్పుడు ఒక్క వేలుతోటి నెట్టినా తిరిగేది.

తిప్పుడు ఎందుకంటె, ఊరికె వెలిగితె అది దీపస్తంభమో చేపల పడవ లాంతరో తెల్వది. ప్రతి దీపానికి తనదంటూ ఒక లయ ఉంటది. ఎన్ని సెకండ్లకు ఎన్నిసార్లు మెరుస్తదన్నది పుస్తకంల అచ్చేసి ఓడలకు ఇస్తరు. మెరుపులు లెక్కపెట్టి "ఇది ఫలానా చోటు" అని చెప్పొచ్చు. నాకు మల్ల నాయన బిళ్ళలు గుర్తొచ్చినయి. పేరు అక్కరలేదు, నంబరు చాలు.

ఎత్తు సంగతి కూడ చెప్తె పిల్లలు ఇంట్ల లెక్క చేసుకుంటరు. ఎత్తును మీటర్లల్ల తీసుకొని వర్గమూలం కట్టి 3.86తోటి గుణించండి. క్షితిజం ఎంత దూరమో కిలోమీటర్లల్ల వస్తది, గాలిల కాంతి కొంచెం వంగుడు కూడ అందుల లెక్కే. 47 మీటర్లకు 26 కిలోమీటర్లు వస్తది. అదే దీపం మూడు మీటర్ల ఇసుక దిబ్బ మీద పెడితె ఏడు కిలోమీటర్లు కూడ దాటది. ఓడ డెక్కు కూడ నీళ్లకు పది మీటర్ల ఎత్తున ఉంటె దానికి ఇంకో 12 కలుపుకోండి, 38 కిలోమీటర్ల అవతల నుంచి కనపడుతది. కార్తీకంల గుళ్లె ధ్వజస్తంభానికి ఆకాశదీపం ఎక్కిస్తరు గద. దాని కింద కూసొని ఎవరన్న చదువుకుంటరా? అది చూసేటందుకు పెట్టింది కాదు, దూరం నుంచి కనపడేటందుకు పెట్టింది. ఇదీ అంతే. రాత్రి స్తంభం మొదట్ల చీకటే ఉంటది, నేను అక్కడ టార్చి వేసుకొనే నడిచిన.

పై నుంచి దీవి మొత్తం కనపడుతది. పది కిలోమీటర్ల పొడుగున కొడవలి లెక్క వంగి, పడమటి దిక్కు లోతు తక్కువున్న నీళ్లను పట్టుకొని ఉంటది. ఆ నీళ్లు నెమలి ఈక రంగు. పగడపు దిబ్బ అంచు కాడ తెల్లటి నురుగు గీత. గీత అవతల నీళ్లు ఒక్కసారి నల్లగైతయి. పిట్టగోడ పట్టుకొని చూస్తున్నంతసేపు ఒక పెద్ద కంటైనర్ ఓడ దూరంగ పడమరకు పోయింది. ఆగలేదు. అక్కడ ఆగవు.

దిగినంక ఒక పెద్దాయన ఇంట్ల చాయ తాగినం. డెబ్బై దాటి ఉంటయి. మినికాయ్ మగవాళ్లు ఓడల మీద పనికి పేరుపడ్డోళ్లు, ప్రపంచంల ఎక్కడెక్కడి ఓడల మీదనో పనిచేస్తరు. ఇల్లు, వాకిలి, పిల్లలు అన్నీ ఆడవాళ్ల మీద నడుస్తయి. ఈయన కూడ నలభై ఏండ్లు ఓడల మీదనే ఉన్నడు. హిందీల చెప్పిండు. కొలంబో నుంచి ఏడెన్ పోయే ఓడ ఎక్కితె కొన్నిసార్లు రాత్రి పూట మినికాయ్ పక్కనుంచే పోయేదట. డ్యూటీల లేనోళ్లు కూడ లేచి డెక్కు మీదికి వచ్చేటోళ్లట. దీపం మెరుస్తది. ఆ దీపం కింద ఇల్లున్నది, పెండ్లాం ఉన్నది, ఆయన ఇంక మొఖం చూడని పిల్ల ఉన్నది. ఓడ ఆగది. ఆపమనేటందుకు ఎవరికీ హక్కు లేదు. గంట, రెండు గంటలు కనపడి పోతది. "బహెన్, ఇల్లు చూసినట్టే అనిపిస్తది, చూడనట్టే అనిపిస్తది" అన్నడు.

ఆయన భార్య తలుపు కాడ కూసొని వింటున్నది. ఆమెకు హిందీ కొంచెమే వస్తది, మొగడే మలిపి చెప్పిండు. ఫలానా రాత్రి మన దీవి పక్కనుంచి పోతమని ఉత్తరం రాసేటోడట. ఉత్తరం ఓడ పోయిన నెలకు అందేది. అందినంక ఆమె ఆ తారీకు పట్టుకొని వెనక్కి లెక్కేసుకునేది, ఆ రాత్రి నేనేం చేస్తున్న, చేపలు ఎండబెట్టిన రోజా, పిల్లకు జొరం వచ్చిన రోజా అని.

మా అక్క అప్పటిదాక చాయ కప్పు పట్టుకొని గమ్మున కూసున్నది. మా బావ ఇరవై రెండేండ్లు దుబాయిల ఉండి వచ్చిండు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ దిక్కు నుంచి వచ్చినోళ్లకు నేను చెప్పే పని లేదు, ఇంటికొక మనిషి గల్ఫ్‌ల ఉంటడు. ఫోన్లు లేని కాలంల బావ క్యాసెట్ల మాటలు రికార్డు చేసి, ఊరికొచ్చేటోళ్ల చేతికిచ్చి పంపేటోడు. అక్క టేప్ రికార్డరు ముందట కూసొని, ఆయన "మంచిగున్నవా" అంటె "ఆ, మంచిగున్న" అని పైకే జవాబు చెప్పేది. నేను చిన్నదాన్ని, చూసి నవ్వేదాన్ని. ఆ రోజు మినికాయ్‌ల అక్క ఆ క్యాసెట్ల ముచ్చట తనంతట తనే తెలంగాణ మాటలల్ల చెప్పింది. నేను హిందీల చెప్పిన, పెద్దాయన మహల్‌ల చెప్పిండు. మూడు భాషలు దాటి పోయిన మాటకు ఆమె అక్క చెయ్యి పట్టుకున్నది. తర్వాత ఇద్దరు లోపలికి పోయిండ్రు, ఎండబెట్టిన ట్యూనా ముక్క పొట్లం కట్టి ఇచ్చింది. ఉడికిచ్చి, పొగబెట్టి, ఎండిస్తె అది కట్టె లెక్క గట్టిగైతది, దాన్ని మాస్ అంటరు. మేం ఇంటికొచ్చినంక పుంటికూరల వేసుకున్నం.

ఆ దీపం దారి కాబట్టి యుద్ధం కూడ ఆ దారి పట్టే వచ్చింది. 1914 సెప్టెంబర్ 22న మద్రాసు మీద గుండ్లు కురిపిచ్చిన జర్మన్ నౌక ఎమ్డెన్ పేరు మన పెద్దలు చెప్పుకునేటోళ్లు. ఆ తర్వాత అక్టోబర్‌ల అది మినికాయ్ దాపుల కాపు కాసి బ్రిటిష్ వర్తక నౌకలను ఒకదాని వెనుక ఒకటి పట్టుకున్నది. దారి ఎక్కడున్నదో అందరికి తెలిసిన చోటే వేటగాడు కూసుంటడు.

ఇప్పుడు మన ఓరుగల్లుకు వస్త. సముద్రం లేని ఊరికి సముద్రం ముచ్చట ఎందుకని మీ మనసుల ఉంటె, ఉండొద్దు. సముద్రం మీద పోయే పరాయి మనిషి గురించి ఈ ఊరి రాజు ఆలోచించిండు. కాకతీయ గణపతిదేవుడు 1244ల మోటుపల్లి రేవుల వేయించిన అభయ శాసనం ఉన్నది. ఇప్పటి బాపట్ల జిల్లాల, వీరభద్రుని గుడి కాడ రాతి స్తంభం మీద ఉన్నది. స్తంభమే చూడండి, ఒకటి దీపం మోస్తది, ఒకటి మాట మోస్తది. అందుల ఉన్నదేందంటె, ఇదివరకటి రాజులు తుపానుకు కొట్టుకొచ్చి ఒడ్డుకు తాకిన ఓడల సొత్తంతా గుంజుకునేటోళ్లు, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ. ప్రాణం కంటె ధనమే గొప్పదనుకొని సముద్రం దాటే సాహసం చేస్తున్న ఈ వర్తకుల మీద దయతోటి మేము నియమిత సుంకం తప్ప మిగిలినదంతా విడిచిపెడుతున్నం, అని. సుంకం ముప్పైల ఒక వంతు. గంధం, కర్పూరం, ముత్యాలు, పగడాలు, మిరియాలు అన్నిటికి లెక్క రాసి ఉన్నది.

మీరు ఆ "దయతోటి" అన్న మాట కాడ ఆగండి. రేవు నడువాలె, వర్తకులు రావాలె, ఖజానా నిండాలె, ఆ లాభం రాజుకు తెల్వదని నేను అనను. 1885ల బ్రిటిష్ వాళ్లకు కూడ తమ ఓడలు మునగొద్దన్న లెక్కే మొదలు. కాని ఒకసారి రాయి మీద చెక్కినంక, ఒకసారి దీపం వెలిగిచ్చినంక, అది ఎవరికి పనికొస్తదో వెలిగిచ్చినోని చేతిల ఉండదు. దీపం ఓడ జెండా చూసి మెరువది. చీన నుంచి వచ్చినా, అరబ్బు దేశం నుంచి వచ్చినా శాసనంల మాట అందరికి ఒక్కటే. కాకతీయుల గురించి మాట్లాడితె మనం తోరణం, చెరువులు, రామప్ప దాక పోతం, అక్కడ ఆగుతం. మోటుపల్లి శాసనం కూడ మన ఊరి ఆస్తే. హనుమకొండల ప్రతి బడిల దాని అర్థం తెలుగుల రాసి గోడకు పెట్టాలెనని నా కోరిక. ఈ సభల ఉన్న టీచర్లను చేతులెత్తి అడుగుతున్న.

ఇందాక ఒక బాబు చీటి పంపిండు, "జీపీఎస్ ఉన్నది గద మేడం, ఇప్పుడు దీపం ఎందుకు" అని. మంచి ప్రశ్న. నేను కూడ ఆ ఉద్యోగిని ఇదే అడిగిన. పెద్ద ఓడలు దీపం మీదనే ఆధారపడే కాలం పోయిందని ఆయననే ఒప్పుకున్నడు. చాన దీపాలు ఇప్పుడు వాటంతట అవే వెలిగి వాటంతట అవే ఆరుతున్నయి. 1927 నాటి లైట్‌హౌస్ చట్టం పోయి 2021ల కొత్త చట్టం వచ్చింది, దాని పేరుల దీపం అన్న మాటే లేదు, నావికులకు సాయపడే పరికరాలన్నిటికి కలిపి పెట్టిండ్రు. కాని బాబూ, ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ చాన సన్నటిది, దాన్ని అడ్డుకోవచ్చు, తప్పుదోవ పట్టియ్యొచ్చు. తెరమీద చుక్క ఒక చోట ఉన్నదని చెప్తె, కిటికీల నుంచి కనపడే దీపం అవునో కాదో చెప్తది. పరీక్షల లెక్క చేసినంక ఇంకో పద్ధతిల సరిచూసుకోమని నేను చెప్త గద, అట్ల. ఇగ చిన్న పడవల చేపలు పట్టేటాయనకు బ్యాటరీ అయిపోతె మిగిలేది తన కండ్లే.

సెప్టెంబర్ 21న మన దేశంల దీపస్తంభాల దినం జరుపుతరు, 1927 చట్టం వచ్చిన రోజు అది. ఆ రోజు బడిల ఒక కుంభాకార కటకం, ఒక కొవ్వొత్తి తీసుకొని చీకటి గదిల గోడ మీద వెలుగు కుప్ప చేసి చూడండి. కొవ్వొత్తిని ముందుకు వెనుకకు జరిపితె ఒక చోట వెలుగు ఒక్కసారి కట్ట కట్టినట్టయితది. ఆ చోటు కోసం నేను ముప్పై ఏండ్లు సుద్దముక్కతోటి చుక్క పెట్టిన.

మేం వచ్చేటప్పుడు ఓడ పొద్దుగూకినంక కదిలింది. డెక్కు వెనుక భాగంల కడ్డీ పట్టుకొని నిలబడ్డం. స్తంభం మొదలు కనపడక పోయింది, తర్వాత కొబ్బరి చెట్లు చీకట్ల కలిసినయి, ఆఖరికి మెరుపు ఒక్కటే మిగిలింది. నేను వేళ్ల మీద సెకండ్లు లెక్కపెట్టిన. ప్రతిసారి అదే లెక్క వచ్చింది, ఒక్కసారి కూడ తప్పలేదు. రెండు గంటలైనంక మెరుపు నీళ్ల అంచుకు దిగి, ఒక అల లేస్తె కనపడక, అల పడితె కనపడి, ఇగ మొత్తానికే మునిగింది. అయిపోయిందనుకున్న. కాని దీపం మునిగినా దాని కాంతి రేఖ మబ్బుల మీద పడి తిరుగుతనే ఉన్నది. ఆకాశం అంచున తెల్లటి చెయ్యి లేచి, తిరిగి, పడుతున్నట్టు.

గాలి ఎక్కువైంది, లోపలికి పోదామని అక్కను పిలిచిన.

"ఉండు, ఇంక కనపడుతున్నది" అన్నది.